తట్టి చూసి చెప్పే మనిషి

మొన్న నెల్లూరులో కారు టైర్లు మార్పించుకుంటున్నాను. దుకాణంలో పనిచేసే అతను చక్రం ఊడదీసి గోడకు ఆనించి వేలి గణుపుతో రెండుసార్లు తట్టాడు. తట్టి, ఆ చప్పుడు వింటూ అలాగే వంగి నిలబడ్డాడు.

"బాగుందా?" అని అడిగాను. అతను తలెత్తేలోపే, "బాగానే ఉంటుందిలే, పాతదేం కాదు కదా" అని నేనే అనేశాను.

అతను నవ్వాడు. "అడిగేదీ మీరే, చెప్పేదీ మీరే. ఇంక నేనెందుకు సార్?"

కోపం రాలేదు. బయటికి వచ్చి దుకాణం మెట్ల మీద కూర్చున్నాను. మా బావ పోయిన తర్వాత ఆ చప్పుడు మళ్లీ వినడం అదే మొదలు.

బావ అంటే మా అక్క భర్త. ఎవరు ఏది అడిగినా చేతికి అందిన దాన్ని గణుపుతో రెండుసార్లు తట్టడం ఆయన అలవాటు. బల్ల కావచ్చు, కుర్చీ చెయ్యి కావచ్చు, ఏదీ దొరక్కపోతే తన మోకాలే కావచ్చు. తట్టి, ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఉండి, అప్పుడు నోరు తెరిచేవాడు. మజ్జిగ పొయ్యనా అని అక్క అడిగినా అంతే. కంచం అంచు మీద టంగు టంగుమనేది.

"మజ్జిగ్గూడా పగులుందేమో చూస్తుండాడు మీ బావ" అనేది అక్క.

చక్రాల దగ్గర అబ్బిన అలవాటు అది. వయసులో ఉన్నప్పుడు ఆయన మోటారుసైకిల్ పందేలకు వెళ్లేవాడు. చెన్నై దగ్గరి ట్రాకులో కొన్నేళ్లు బండి తోలాడు. గెలిచినవాటి కంటే పడినవే ఎక్కువని తనే చెప్పేవాడు. బండి ఎక్కేముందు ముందు చక్రాన్నీ వెనక చక్రాన్నీ తట్టి వినేవాడు. పగులు లేని చక్రం గంటలా మోగుతుందని, పగిలింది దగ్గు పట్టిన గొంతులా పలుకుతుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ప్రతిసారీ నిలబడలేదు. చాలా ఏళ్ల తర్వాత, హైవే పక్కన పనిచేసేటప్పుడు, ఒక పాలవ్యాను చక్రాన్ని తట్టి "నూరేళ్లు నడస్తాది, పో" అన్నాడు. ఆ బండి గూడూరు కూడా చేరకుండానే రోడ్డు పక్కకు ఒరిగింది. డ్రైవరు వెనక్కి వచ్చి బావ కూర్చునే గది కిటికీ దగ్గర నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాడు. బావ అంతా విని, బల్లను రెండుసార్లు తట్టి, "చెవికి ఉప్పుగాలి పట్టినట్టుండాది సామీ" అన్నాడు. డ్రైవరుకు తిట్టాలో నవ్వాలో తెలియలేదు.

మనుషుల మొహాలు ఆయనకు గుర్తుండేవి కావు. బండ్లు గుర్తుండేవి. పెళ్లిలో ఎవరైనా పలకరిస్తే తెల్లమొహం వేసేవాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, "వెనక చక్రం షేకు కొడతాదే, ఆ బండి పిల్లోడేనా వీడు?" అనేవాడు. కాస్త తిక్క మనిషి కనిపిస్తే "స్పోకులు లూజు". మరీ గర్వపడేవాడు ఎదురైతే, "సగం గాలి దించుకో నాయనా, ఇసకలో పోతుండావు." చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట గాలిమీటరు ఉండేది. కొత్తవాళ్లు దాన్ని చూసి ఈయనెవరో పశువుల డాక్టరు అనుకునేవాళ్లు.

నేను ఎప్పుడూ ఆయన వెనక పంపు మోసినవాణ్ణి. అక్క పెళ్లయిన ఏడాది నుంచీ అదే నా ఉద్యోగం. మా ఊరు చిల్లకూరు మండలంలో సముద్రానికి దగ్గర. ఆటు వేళ నీళ్లు వెనక్కి పోతే తడి ఇసుక తారు రోడ్డులా గట్టిపడుతుంది. గంగమ్మ జాతర మర్నాడు దాని మీద కుర్రాళ్లు బైకు పందేలు పెట్టుకునేవాళ్లు. ఇసుకలో దిగబడకుండా టైర్లలో గాలి సగానికి దించాలి. రోడ్డెక్కేముందు మళ్లీ కొట్టాలి. పందెం అయ్యాక ఉప్పు వదలాలని బండ్లు కడిగేవాళ్లం. ఏ నీళ్లతో? పక్కనే ఉన్న రొయ్యల గుంట నీళ్లతో. ఆ నీళ్లూ ఉప్పువే. ఉప్పును ఉప్పుతో కడిగి శుభ్రమైందనుకోవడం మా తీరంలో అందరం చేసిన పనే. బావ ట్రాకు చక్రాలను కూడా అలాగే కడిగాం.

ఆ చక్రాలు ఆయనకు ప్రాణం. ఏదో పందెం టీము వాడేసి పక్కన పడేసిన అలాయ్ చక్రాలను చెన్నైలో కొనుక్కొచ్చాడు. ఒక్క చేత్తో ఎత్తి చూపించేవాడు. వాటిని ఎందుకు పడేశారని ఆ రోజుల్లో ఎవరమూ అడగలేదు. ఎందుకో ఆయనే తర్వాతి రోజుల్లో లారీ డ్రైవర్లకు విడమరిచి చెప్పేవాడు: "రోడ్డు మీది చక్రాన్ని కాపురం చేసేదానికి చేసింటారు. పందెం చక్రం పందేనికే. బరువు తగ్గాలని సన్నం చేసుకుంటా వస్తారు. బరువు తగ్గితే బండి టక్కున తిరగతాది, టక్కున ఆగతాది. కానీ వాళ్లు తగ్గించింది బరువు కాదబ్బా, ఓపిక. మన వయసు ఏళ్లలో లెక్క. దాని వయసు దెబ్బల్లో లెక్క."

ఒక ఏడాది జాతర మర్నాడు జనం ఎక్కువయ్యారు. బయలుదేరడం ఆలస్యమై పోటు తగిలింది. ఇసుక తగ్గిపోతుంటే ఊరి పెద్దలు దారి మార్చారు. ఇసుక మీద రేవు దాకా పోయి, అక్కడ రోడ్డెక్కి, కాలువ మీది కల్వర్టు దాటి ఊళ్లోకి రావాలన్నారు. అంటే టైర్లలో మళ్లీ గాలి ఉండాలి. బావ బండి మీద కూర్చుని వెనక్కి తిరిగి అడిగాడు.

"ఒరే, గాలి కొట్టినావా?"

"కొట్టినా బావా."

నేను కొట్టలేదు. పక్కన ఉన్నవాడి చేతికి పంపు ఇచ్చి కొట్టమన్నాను. కొట్టే ఉంటాడనుకున్నాను. కనుక్కుని చెప్పేంత ఓపిక లేక చెప్పేశాను. మీటరు ఆయన జేబులోనే ఉంది. తీయలేదు. ప్రతి చక్రాన్నీ తట్టి చూసేవాడు నా మాటను మాత్రం తట్టి చూడలేదు.

కల్వర్టు దగ్గర రోడ్డు అంచు అరచెయ్యి మందం లేచి ఉండేది. గాలి లేని టైరు ఆ అంచుకు తగిలి నొక్కుకుపోయింది. దెబ్బంతా చక్రం మీద పడింది. నేను చూడలేదు, విన్నాను. పచ్చి కొబ్బరికాయను నేలకేసి కొట్టిన చప్పుడు. నేను చేరేసరికి ముందు చక్రం అంచు ఒకచోట, నడిమి బొడ్డు ఒకచోట పడి ఉన్నాయి. బావ కాలువ గట్టున వెల్లకిలా ఉన్నాడు. కాలు ఉండాల్సిన తీరులో లేదు.

ఆస్పత్రిలో ఆయనకు తెలివి వచ్చిన రోజే గాలి సంగతి చెప్పేశాను. మంచం ఇనప కమ్మీని రెండుసార్లు తట్టాడు. ఏదో అనబోయాడు. ఈలోగా నేను ఆయన కాళ్ల మీద పడి, నా వల్లే బావా, నా వల్లే అని ఏడుపు అందుకున్నాను. నర్సు కసిరి నన్ను బయటికి పంపింది. ఆ రోజు ఆయన ఏమనబోయాడో వినలేదు. మర్నాటి నుంచి డాక్టరు ఆయన్ని ఏది అడిగినా నేనే చెప్పడం మొదలుపెట్టాను. నొప్పి ఎక్కడంటే నేను, నిద్ర పట్టిందా అంటే నేను. పక్క మంచం ముసలాయన ఒకరోజు నన్నడిగాడు: "కట్టు ఆయనకుంది, మూలుగు నీకుంది. ఏందబ్బయా కత?"

ఎముక అతుక్కుంది గానీ మోకాలు బిగుసుకుపోయింది. అప్పటికి చిల్లకూరు దాటాక హైవే పక్కన మా కుటుంబానికి ఒక కాటా ఉంది. లారీలు ఇనప పలక మీదికెక్కి నిలబడితే లోపల గదిలో మిషను బరువు చూపిస్తుంది. ఆ గదిలో బావను కూర్చోబెట్టాను. నీడపట్టున ఉండే పని, లేచే అవసరం లేదు, మన సొంతం అన్నాను. నాకు చాలా తృప్తిగా ఉండింది. ఊళ్లో అందరూ బావమరిదంటే నువ్వేరా అన్నారు.

గది చిన్నది. ఒక కిటికీ, ఒక బల్ల, ఒక కుర్చీ. తలుపు లోపలికి తెరుచుకునేది. బావ కుర్చీలో కూర్చుని వంగని కాలును ముందుకు చాపితే అది సరిగ్గా తలుపుకు అడ్డం వచ్చేది. ఎవరైనా లోపలికి రావాలన్నా, ఆయనే బయటికి పోవాలన్నా, రెండు చేతులతో ఆ కాలును ఎత్తి పక్కకు పెట్టుకోవాలి. అందుకని ఎవరూ లోపలికి వచ్చేవాళ్లు కాదు. కిటికీలోంచే మాట్లాడేవాళ్లు. ఆయనా పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా లేచేవాడు కాదు. తలుపును బయటికి తెరుచుకునేలా మార్పిద్దామని వచ్చిన కొత్తలోనే అనుకున్నాను. వడ్రంగికి అరపూట పని. వాన తగ్గనీ అన్నాను, కోతలు కానీ అన్నాను. ఏళ్లు గడిచాయి.

విరిగిన చక్రం బొడ్డును ఎవరో తెచ్చి ఇంట్లో పడేశారు. బావ దాన్ని కాటా గదికి తెప్పించుకుని క్యాలెండరు పక్కన మేకుకు తగిలించాడు. అది నా కోసమే పెట్టాడనుకునేవాణ్ణి. ఆ తలపుతోనే రోజూ మధ్యాహ్నం క్యారియరు తీసుకుని వెళ్లేవాణ్ణి. నా రొయ్యల మేత దుకాణాన్ని పనివాళ్లకు వదిలేసి, ఆయన కాలు ఎత్తి పక్కకు పెట్టుకున్నాక, లోపలికి దూరి, ఇరుక్కుని నిలబడి వడ్డించేవాణ్ణి. ఆయన తినే పద్ధతీ అంతే. ముద్ద కలిపి, కిటికీలోంచి ఏదైనా చక్రం మీద కన్ను పడితే ముద్ద చేతిలోనే ఎండిపోయేది.

"అటు చూడు. ఆ కుర్రోడి బండి అలాయ్‌ను మంట పెట్టి వంకర తీయించినాడు. పెయింటు వేసి మాయ చేసినారు. స్పోకుల చక్రం వంగతాది, తిట్టుకుంటానే ఇంటికి చేరస్తాది. ఇది వంగదు. వంగనిది చెప్పకుండా ఇరుగుతాది."

"నీ కాలు మాదిరి" అన్నాను ఒకసారి, నవ్వించాలని.

తట్టాడు. "నా కాలు ఇరిగినాకే గదరా వంగనిదయింది. వరస తప్పు చెప్తుండావు."

గాలి సంగతి ఎప్పుడు ఎత్తినా ఆయన మాట ఒకటే: "ఒక్క తప్పుతో చక్రం ఇరగదు." అది క్షమాపణా, ఎగతాళా నాకు అంతుపట్టేది కాదు. విరుగుతుంది బావా, నా వల్లే విరిగింది అని నేను పట్టుబట్టేవాణ్ణి. ఒకరోజు అక్క విసుక్కుంది. "వాడు నాదంటాడు, ఈయన కాదంటాడు. మీ ఇద్దరి మధ్యా నేనొక కాటాని. తప్పు తూచలేక చస్తుండా. ఇంకేమన్నా మాట్లాడుకోండ్రా."

మాకు ఇంకే మాటా లేదు. అదే మా ఇద్దరినీ కలిపి ఉంచింది.

ఒక ఎండాకాలం కాటా ముందు జీపు ఆగింది. పందెం టీము మనిషి ఒకాయన దిగాడు. బావ వయసే ఉంటుంది. మా తీరం ఇసుకలో బండ్లు నడిపి చూసుకోవడానికి వచ్చారట. మా ఊళ్లో ఎవరో బావ గురించి చెప్పారు. ఇద్దరూ కిటికీకి అటూ ఇటూ కూర్చుని పాత స్నేహితుల్లా మాట్లాడుకున్నారు. ఏ మలుపు దగ్గర బ్రేకు పట్టేవాళ్లు, బ్రేకు పళ్లెం కాగి బొడ్డు ఎంత వేడెక్కేది, ఎవరు ఎక్కడ పడ్డారు. టీము మనిషి మేకుకున్న చక్రాన్ని చూసి, "తట్టి వినడం మేమూ చేసేవాళ్లమండీ. ఇప్పుడు చెవిని నమ్మం" అన్నాడు. "ఎర్ర రంగు పూస్తాం. వెంట్రుకంత పగులున్నా అందులోకి దిగుతుంది. పైది తుడిచేసి తెల్ల పొడి చల్లితే, లోపల దాక్కున్న ఎరుపు తానే గీతగా పైకి వస్తుంది."

బావ మొహంలో అలాంటి వెలుగు నేను పెళ్లినాడు కూడా చూడలేదు. "పగులే పైకొచ్చి నేనీడున్నా అంటాదా?"

"అంతేనండీ. మీరు నెలలో కొన్ని రోజులు ట్రాకు దగ్గరికి రాకూడదూ? కొత్త పిల్లలకు ఎన్ని చెప్పినా ఎక్కదు. వాడేసిన చక్రాలే తక్కువలో కొనుక్కొచ్చి బిగిస్తారు. పడ్డ మనిషి ఎదురుగా కూర్చుని చెబితే వింటారు. బస, భోజనం మేం చూసుకుంటాం. వస్తారా?"

బావ బల్ల మీద ఒకసారి తట్టాడు. రెండోసారి తట్టేలోపు నేను అందుకున్నాను.

"ఆయనకు కుదరదండీ. కాలు వంగదు. అంతదూరం ప్రయాణం తట్టుకోలేడు. అయినా ఇక్కడ కాటా ఎవరు చూస్తారు?"

నా గొంతులో ఎంత ప్రేమ పలికిందో! టీము మనిషి బావ వంక చూశాడు. బావ వేలు గాల్లోనే ఉంది. ఆ వేలిని మెల్లగా దించి బల్ల మీద దుమ్ము తుడిచాడు. రెండోసారి తట్టలేదు. టీము మనిషి ఫోను నెంబరు రాసిచ్చి వెళ్లిపోయాడు.

ఎందుకలా అన్నాను? కాటాకు మనిషి దొరకడనే భయం కొంత. దాని కింద ఇంకొకటి ఉంది. ఆయన అక్కడికి వెళ్లి నలుగురిలో నవ్వుతూ ఉంటే, నేను రోజూ క్యారియరు మోసుకెళ్లి ఎవరి ముందు తలవంచుకోవాలి? నా పశ్చాత్తాపానికి ఆయన ఆ కుర్చీలోనే ఉండాలి. ఆ మధ్యాహ్నం ఈ ముక్క నాకు తెలియదనుకోవడం అబద్ధం. తెలుసు. మంచితనం అనే పేరు పెట్టి కప్పేశాను.

జీపు వెళ్లాక చాలాసేపటికి బావ అన్నాడు: "ఒరే, ఆ రంగు పూస్తే తేలేదానికి ఎంతసేపు పడతాదో అడగాల్సింది."

అంతే. మళ్లీ ఎప్పుడూ ఆ ప్రసక్తి తేలేదు.

ఆ తర్వాత చాన్నాళ్లకు, శ్రీహరికోటలో రాకెట్టు వదిలిన ఒక పూట. లారీల వాళ్లంతా రోడ్డు మీద నిలబడి తూర్పు వైపు చూస్తున్నారు. నేను క్యారియరుతో లోపల ఇరుక్కుని ఉన్నాను. కిటికీలోంచి తెల్లటి తోక పైకి లేచింది.

"దానికి చక్రాల్లేవు. అందుకే అంత ధైర్యం" అన్నాడు బావ. తర్వాత, "ఆ చక్రం దించు" అన్నాడు.

దించాను. విరిగిన చోటును వెలుతురు వైపు తిప్పి నా ముందు పెట్టాడు. "ఏం కనపడతా ఉండాది?"

"విరిగింది బావా."

"అది గుడ్డోడు గూడా చెప్తాడు. సరిగ్గా చూడు."

అన్నేళ్లుగా రోజూ చూస్తున్నాననుకున్నదాన్ని అప్పుడు చూశాను. విరిగిన చోటంతా ఒకే రంగులో లేదు. ఎక్కువ భాగం మసకబారి ఉంది. అందులో ఒకదాని వెనక ఒకటిగా సన్నటి వంపుగీతలు. ఒక కొస మాత్రం గరుగ్గా, పంచదార పలుకుల్లా మెరుస్తోంది.

"ఆటుకు నీళ్లు తగ్గేకొద్దీ ఇసక మీద గీత ఎనక గీత మిగల్తాదే, ఆ మాదిరి లేదా?"

"ఉంది."

"అది పాత పగులు. దెబ్బ తగిలినప్పుడల్లా కొంచెం జరిగింది. నేను కొనకముందు ఎవడో కొట్టిన దెబ్బలు, నేను ట్రాకు మీద కొట్టిన దెబ్బలు. ఆ మసకంతా లోపలికి దిగిన ఉప్పు, మనం కడిగిన గుంట నీళ్లు. ఈ మెరిసే కొస ఒక్కటే కల్వర్టు కాడ ఇరిగింది. ఎంతుంది?"

గోరంత ఉంది.

"ఆ గోరంత నీది. అంచు మీద తగిలిన దెబ్బకు అంచు సొట్ట పోవాల, బొడ్డు కాడ ఎందుకు ఇరిగింది? అది ముందే తెగి ఉంది కాబట్టి. నువ్వు గాలి కొట్టున్నా ఇరిగేదే. ఆ రోజు కాకపోతే ఇంకో రోజు."

"నీకెప్పుడు తెలిసింది బావా?"

చక్రాన్ని రెండుసార్లు తట్టాడు. సరిగ్గా అప్పుడే రాకెట్టు మోత మా దాకా వచ్చింది. వెలుగు ముందు కనపడి, చప్పుడు ఎప్పటికో వస్తుంది. అది వచ్చేటప్పుడు మా వైపు ఎవరూ మాట్లాడరు. కిటికీ గాజు సన్నగా వణికింది. మోత ఆగాక ఆయన చెప్పాడు.

"ఈడ కూర్చున్న మొదటి నెల్లోనే."

"మరి చెప్పలేదే?"

"చెప్తే నువ్వు రావు గదరా."

నా చేతిలో సాంబారు గరిటె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఆ గదిలో నేను ఆయన్ని పెట్టాననుకున్నాను. ఆయనా నన్ను అందులోనే పెట్టుకున్నాడు. తలుపుకు అడ్డంగా ఒకే కాలు, లోపల ఇద్దరం.

"నేను గూడా ఒకటి చెప్పాల" అన్నాను. "ఆ టీమాయన వచ్చినప్పుడు..."

"తెలుసులే. నేనీడే ఉండా గదా అప్పుడు."

నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. "పోదాం బావా. ఇప్పుడన్నా పోదాం. ఆ ట్రాకు చూసొద్దాం, ఆ రంగేందో చూసొద్దాం. వస్తావా?"

బల్ల మీద రెండుసార్లు తట్టాడు. ఈసారి రెండూ తట్టాడు. చప్పుడు ఆగాలి, ఆయన నోరు తెరవాలి. నేను ఆగలేదు. కార్లో పోదాం, ముందు సీటు పూర్తిగా వెనక్కి వాల్చుదాం, నాయుడుపేటలో ఆగి టిఫిను చేద్దాం, కాటాకు మనిషిని పెడతాను, తలుపు గూడా మార్పిస్తాను, అక్కను తీసుకుపోదాం. చెబుతూనే ఉన్నాను. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగేసరికి ఆయన కిటికీలోంచి పలక మీదికి ఎక్కుతున్న లారీ చక్రాన్ని చూస్తున్నాడు.

"సరేలే, అన్నం పెట్టు" అన్నాడు.

ఆ సరేలే దేనికో నాకు తెలియదు. ప్రయాణానికా, నా నోటికా.

ఆ ఏడు వాయుగుండం పట్టి వానలు ఆగకుండా పడ్డాయి. రోడ్లు తేలాక పోదామనుకున్నాం, అంటే నేను అనుకున్నాను. ఒక మధ్యాహ్నం ఇంట్లో అన్నం తిని పడుకున్నవాడు లేవలేదు. అక్క చెయ్యి పట్టి కుదిపిందట. తర్వాత మంచం పట్టెను గణుపుతో తట్టిందట. ఎందుకు తట్టానో నాకే తెలీదురా అని చెప్పి, అప్పుడు ఏడ్చింది.

పన్నెండో రోజు అయ్యాక వడ్రంగిని పిలిపించి కాటా గది తలుపును బయటికి తెరుచుకునేలా మార్పించాను. అరపూట కూడా పట్టలేదు. మనిషి దొరక్క ఇప్పుడు ఆ కుర్చీలో ఎక్కువగా నేనే కూర్చుంటున్నాను. నా కాళ్లు వంగుతాయి. ఎప్పుడు కావాలంటే అప్పుడు లేవొచ్చు. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా లేవను.

ఇంతవరకే రాసి ఆపేద్దామనుకున్నాను, కుదరలేదు. టైర్లు మార్పించుకుని వచ్చిన మర్నాడే ఆ పాత జీపు మళ్లీ కాటా ముందు ఆగింది. టీము మనిషే. దారిన పోతూ ఆగాడట. కిటికీలో బావ మొహం బదులు నా మొహం చూసి అర్థం చేసుకున్నాడు. లోపలికి వచ్చి, నిలబడి, మేకుకున్న చక్రం వైపు చాలాసేపు చూశాడు.

"ఒక మాట అడగొచ్చా?" అన్నాడు. "ఆ రోజు మీరు కుదరదన్నారు. ఆయనకు రావాలని ఉండిందా?"

జవాబులు నోటిదాకా వచ్చేశాయి. ఉండిందండీ. చాలా ఉండింది. నా వల్లే ఆగిపోయాడు. ఆ చివరిది చెప్పడానికి ఎంత తియ్యగా ఉందో. అదీ ఆయన తరఫున నేను చెప్పే జవాబే.

బల్ల మీద తట్టాను. మళ్లీ తట్టాను. చప్పుడు ఆగేదాకా ఉన్నాను. ఆగాక కూడా ఉన్నాను. టీము మనిషి తొందరపెట్టలేదు.

లేచి మేకు నుంచి చక్రం దించి ఆయన చేతిలో పెట్టాను. "మా బావ మిమ్మల్ని ఒకటి అడగాలనుకున్నాడు," అన్నాను. "ఆ రంగు పూస్తే తేలడానికి ఎంతసేపు పడుతుంది?"

ఆయన చక్రాన్ని వెలుతురు వైపు తిప్పాడు. "పూసి, కాసేపు వదిలెయ్యాలండీ. మనం ఏమీ చెయ్యకూడదు. తొందరపడి తుడిచేస్తే రంగు పగుల్లోకి దిగదు. ఏమీ కనపడదు."

బయట పలక మీద నిలబడ్డ లారీ హారను కొట్టింది. ఉండమని చెయ్యి చూపించాను.